రెండడుగుల ట్యాంకులో గోల్డ్ ఫిష్ ఎన్ని పెట్టొచ్చు? తోడుగా ఏ చేపలు కలపాలి?

శ్రీకాకుళం సుధ
అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా ఆడపడుచు వాళ్లు వైజాగ్ మారిపోతూ వాళ్ల గాజు ట్యాంకు మాకిచ్చేశారు. టేపు పెట్టి కొలిస్తే పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. పిల్లలు చేపలు, చేపలు అని ప్రాణం తీస్తున్నారు. రథసప్తమి అయ్యాక తెస్తానని ఒప్పించాను. అరసవల్లి దగ్గరే ఇల్లు, ఆ హడావిడిలో మా వీధిలోంచి సైకిలు కూడా బయటికి రాదు.

షాపులో అడిగితే "గోల్డ్ ఫిష్ తీసుకోండమ్మా, చల్లనీళ్ల చేప, హీటర్ అక్కర్లేదు, ఈ ట్యాంకులో ఎనిమిది దాకా పడతాయి" అన్నాడు. రాసిచ్చిన చీటీ ఇది: ఒరాండాలు రెండు, బ్లాక్ మూర్ ఒకటి, కామెట్‌లు రెండు, తెల్ల కోయి పిల్ల ఒకటి, గాజు నాకడానికి సక్కర్ ఒకటి. మావాడు నియాన్ టెట్రాలు కూడా కావాలంటున్నాడు, ఆ నీలం గీత మెరుస్తుందని.

మేం ఉండేది మేడ మీద వాటాలో, పైన స్లాబే. మే నెలలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే స్నానానికి నీళ్లు కాచక్కర్లేదు. చల్లనీళ్ల చేప మా ఇంట్లో బతుకుతుందా అనే నా అనుమానం. ట్యాంకు పాత టీవీ బల్ల మీద పెడదామనుకుంటున్నాం. పెద్దవాళ్లు చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం)
సుధ గారూ, ఆ చీటీ మడిచి పక్కన పెట్టండి. ముందు నీళ్ల లెక్క చూద్దాం.

అంగుళాల్లో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మీది 71. పైన రెండంగుళాలు ఖాళీ వదులుతారు, అడుగున రాళ్లు వేస్తారు. నికరంగా 60 లీటర్లు అనుకోండి. షాపులో "రెండడుగుల ట్యాంకు" అంటారు తప్ప లీటర్లు ఎవరూ చెప్పరు. చేప బతికేది లీటర్లలో.

ఇప్పుడు మీ చీటీ. కామెట్ అంటే ఒంటి తోక గోల్డ్ ఫిష్. తిండీ నీళ్లూ సరిగా ఉంటే అడుగు దాకా పెరుగుతుంది, ఊరికే ఈదుతూ ఉంటుంది. రెండడుగుల డబ్బాలో అటు రెండు గెంతులు, ఇటు రెండు గెంతులు, అంతే దాని బతుకు. దానికి నాలుగడుగులు దాటిన ట్యాంకో, బయట తొట్టో కావాలి. కోయి గురించి ఇంట్లో అసలు మాట్లాడుకోవద్దు. ఇప్పుడు వేలెడంత ఉన్న ఆ తెల్ల పిల్ల రెండడుగుల చేప అవుతుంది. అంటే మీ ట్యాంకు పొడవంత.

ఒరాండా, బ్లాక్ మూర్, ఫ్యాన్‌టెయిల్, ర్యూకిన్ లాంటి గుండ్రటి ఒళ్లు, జంట తోక ఉన్నవాటిని ఫ్యాన్సీ రకాలంటాం. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పెరుగుతాయి. మొదటి దానికి 75 లీటర్లు, తర్వాత ఒక్కోదానికి ఇంకో 40 లీటర్లు అని నేను లెక్క వేస్తాను. ఈ లెక్కన మీ ట్యాంకులో ఒక్క చేపకి కూడా కాస్త ఇరుకే. పిల్లలుగా ఉన్నప్పుడు రెండు పెట్టుకోవచ్చు, పెరిగాక మార్చాలి. ఎనిమిది అన్న మనిషికి చేపలు అమ్మడం తెలుసు, పెంచడం తెలిసినట్టు లేదు.

కళింగపట్నం కుర్రోడు
ఏటి మాస్టారూ, ఒకేసారి అంత భయపెట్టేస్తన్నారు. మా బావ కొట్లో గల్లాపెట్టి పక్కన గాజు గిన్నెలో రెండు చేపలున్నాయి. ఎప్పట్నుంచో ఉన్నాయి, ఏటీ అవనేదు. చేప ట్యాంకుని బట్టే పెరుగుతాది. చిన్న ట్యాంకైతే చిన్నగా ఉండిపోతాది. ఇంగ్లీషోళ్ల వీడియోలు చూసి ఇక్కడ రూల్సు పెడితే ఎలాగ?

బొబ్బిలి వీణ
తమ్ముడూ, "ట్యాంకుని బట్టి పెరుగుతుంది" అన్నమాట ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. నిజం సగమే. ఇరుకులో చేప పెరగడం మందగిస్తుంది, అది నిజం. ఎందుకంటే నీళ్లు పాడైపోయి ఒళ్లు పట్టక. దాన్ని సర్దుకుపోవడం అనకూడదు, గిడసబారిపోవడం అనాలి.

మీ బావ గారి కొట్టుకి వెళ్లినప్పుడు ఆ చేపల్ని ఓసారి పైనుంచి చూడండి. తల పెద్దదిగా, ఒళ్లు సన్నగా, వెన్ను కాస్త వంకరగా ఉందేమో చూడండి. పొద్దున్నే లైటు వేసే ముందు నీటి పైపొరకి మూతి ఆనించి గుటకలేస్తున్నాయేమో చూడండి. గోల్డ్ ఫిష్ మొండిది, అంత తొందరగా చావదు. చావలేదు కాబట్టి బాగుందనుకుంటాం. సరిగా చూసుకుంటే 10, 15 ఏళ్లు బతికే చేప ఇది. బ్రిటన్‌లో ఒకటి 43 ఏళ్లు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. మన ఇళ్లల్లో ఒక్క వేసవి దాటితే గొప్పగా చెప్పుకుంటున్నాం.

సుధ గారూ, మీ అనుమానమే అసలు ప్రశ్న. చల్లనీళ్ల చేప అంటే చలిదేశాల వాళ్లు హీటర్ లేకుండా పెంచేది అని. అక్కడి వాళ్లకి చలికాలం సమస్య, మనకి ఏప్రిల్ నుంచి జూన్. అక్కడి సైజు లెక్కలు, అక్కడి తోడు చేపల జాబితాలు ఇక్కడ మక్కీకి మక్కీ దించితే దెబ్బతింటాం. కానీ కుర్రోడు అనుకుంటున్నట్టు మనం తగ్గించుకోవడానికి వీల్లేదు. మన వేడికి ఇంకా పెంచుకోవాలి.

రాజాం కెమిస్ట్రీ
వీణ గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను, పాఠం అనుకోకండి.

20 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టగలిగే ఆక్సిజన్ లీటరుకి సుమారు 9.1 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల దగ్గర 7.5కి పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో పనులన్నీ వేగమెక్కి దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. ఆదాయం తగ్గినప్పుడే ఖర్చు పెరిగిందన్నమాట.

రెండోది అమ్మోనియా. చేప దీన్ని ఎక్కువగా మొప్పల్లోంచే వదులుతుంది. నీళ్లలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే అసలు విషం. పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) 8 ఉన్న నీళ్లలో 20 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 4 శాతం లోపు. 30 డిగ్రీలకి అది ఏడున్నర శాతం దాకా వెళ్తుంది. చేపా అదే, తిండీ అదే, విషం మాత్రం దాదాపు రెట్టింపు. బోరు నీళ్ల పీహెచ్ చాలాచోట్ల 8 దగ్గరే ఉంటుంది కాబట్టి ఇది మనకి ఊరికే పుస్తకాల లెక్క కాదు.

గోల్డ్ ఫిష్‌కి పొట్ట సంచి లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎప్పుడూ తింటూ, ఎప్పుడూ విసర్జిస్తూ ఉంటుంది. ట్యాంకు సైజు చేప పొడవుని బట్టి కాదు, అది చేసే మురికిని బట్టి ఎంచుకోవాలి. అంగుళం చేపకి ఇన్ని లీటర్లు అనే సూత్రం సన్నటి చిన్న చేపలకి ఏదో పనికొస్తుంది, బంతిలా ఉండే ఒరాండాకి పనికిరాదు.

శ్రీకాకుళం సుధ
చదువుతుంటే మా ఆయన వెనక నిలబడి "చేపలు మానేసి చిలకని పెంచుదాం" అంటున్నారు. (చిలకని పంజరంలో పెట్టడం నేరం అని చెప్పాను, చప్పుడు లేదు.)

సరే, ట్యాంకు పెద్దది కొందామనే అనుకుందాం. వేసవి సంగతేంటి? నీళ్లు చల్లబరిచే చిల్లర్ అని ఏదో ఉంటుందట, దాని ధర చూసి కళ్లు తిరిగాయి. ఏసీ ఒక్క పడగ్గదిలోనే ఉంది.

గంటస్తంభం (విజయనగరం)
చిల్లర్ అక్కర్లేదండీ. చోటు సరిగా చూసుకుంటే సగం పని అయిపోతుంది. పడమటి గోడని ఆనుకుని పెట్టొద్దు, సాయంత్రం ఆ గోడ పెనంలా ఉంటుంది. కిటికీ ఎండ పడకూడదు. మేడ మీద వాటా అంటున్నారు కాబట్టి ఇంట్లో ఏ గది మధ్యాహ్నం మూడింటికి చల్లగా ఉంటుందో ఒక థర్మామీటరు బకెట్ నీళ్లలో వేసి చూడండి. మనిషికి చల్లగా అనిపించే గది వేరు, నీళ్లు చల్లగా ఉండే గది వేరు.

పైన గాజు మూత తీసేసి దోమతెర లాంటి వల వెయ్యండి. చిన్న ఫ్యాను నీళ్ల మీదుగా ఏటవాలుగా తిప్పండి. ఆవిరయ్యే కొద్దీ నీళ్లు రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతాయి. ఇందులో ఒక తిరకాసుంది. పడమటి పొడిగాలి కొట్టే రోజు ఫ్యాను బాగా పనిచేస్తుంది. సముద్రం గాలి తిరిగి ఒళ్లంతా జిడ్డుగా ఉన్న రోజు అంతగా చెయ్యదు, ఎందుకంటే గాలిలో తేమ ముందే నిండుగా ఉంటుంది. శ్రీకాకుళంలో మీకు రెండో రకం రోజులే ఎక్కువ. అలాంటి రోజు ఎయిర్ పంపు ఒకటికి రెండు పెట్టండి, తిండి సగం చెయ్యండి. ఫ్యాను వాడితే రోజూ నీళ్లు తగ్గుతాయి, దానికి తగ్గట్టు కాసిని పోస్తూ ఉండాలి.

ఐసు గడ్డలు వేసెయ్యడం లాంటి పిచ్చిపనులు వద్దు. మరీ అవసరమైతే సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తేలనివ్వండి. అదీ ఒక్క డిగ్రీ, రెండు డిగ్రీలు మించి ఒకేసారి దించకూడదు. చేపకి వేడి కంటే గభాలున మారే వేడి ఎక్కువ చేటు.

28 దాకా ఫ్యాన్సీలు నెట్టుకొస్తాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే గాలి బాగా అందాలి, చేపలు తక్కువుండాలి, నీళ్లు ఎక్కువుండాలి. ఈ మూడోది మీరు కొనే రోజే తేలిపోతుంది. పెద్ద ట్యాంకు వేడెక్కడమూ నెమ్మదే, చల్లారడమూ నెమ్మదే.

పలాస పెంకుటిల్లు
అమ్మా సుధా, నేను ఉద్దానం వైపు వాడిని. వేడి గురించి మాస్టారు చెప్పీసినారు, నేను కరెంటు గురించి సెప్తాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తెల్లారగట్ల మా మీద పడ్డాది. జీడిమామిడి తోటలు, కొబ్బరి చెట్లు పడిపోనాయి, స్తంభాలు వరసాగ్గా ఒరిగిపోనాయి. కరెంటు ఎప్పుడొస్తాదో చెప్పేవోడు నేడు. చేపల గురించి ఆలోచించే టైమా అది? అయినా సెప్తన్నాను. మా పక్కింట్లో మూడడుగుల గాజు ట్యాంకు నిండా గోల్డ్ ఫిష్‌లుండీవి. మరుసటి రోజు సాయంత్రానికే తేలిపోనాయి. మా పెరట్లో సిమెంటు గోలెంలో ఉన్న నాలుగు కామెట్‌లకి ఏటీ అవనేదు. నీళ్లు ఎక్కువ, చేపలు తక్కువ, మూతి వెడల్పు. పంపు ఉన్నా లేకున్నా గాలి పైనుంచే దిగుతాది కదా.

కాబట్టి ఎంత సైజు అని అడిగితే నా జవాబిది. పంపు ఆగిపోయినా ఒక రాత్రి గడిచేటట్టు ఉండాలి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకో తల్లీ, ఖరీదు తక్కువే. అదీ లేకపోతే చెంబుతో నీళ్లు తీసి జానెడెత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తుండాల. తుపాను మన ఊరికి కొత్త కాదు.

కళింగపట్నం కుర్రోడు
పెదనాన్నా, గోలెం మాట బాగున్నాది. మరి ఆ కామెట్‌లు, కోయి పిల్ల గోలెంలో వేసీమందామా సుధక్కకి?

పలాస పెంకుటిల్లు
కామెట్‌లు వెయ్యొచ్చు. మూడడుగుల అడ్డం, రెండడుగుల లోతు ఉన్న గోలెంలో 400 లీటర్లు పడతాయి. రెండు, మూడు కామెట్‌లు హాయిగా ఉంటాయి. దోమ పిల్లలు పుడితే అవే తినీస్తాయి. కోయికి మాత్రం ఇది కూడా చాలదు, దానికి చిన్న చెరువు తవ్వాలి.

గోలెంకి సగం నీడుండాలి. పైన వల కట్టాలి, లేకపోతే లకుముకి పిట్ట ఒకసారి రుచి మరిగిందంటే రోజూ వస్తాది. వానకి పొంగి చేప బయట పడిపోకుండా పైన రెండంగుళాల కింద కన్నం పెట్టి జల్లెడ బిగించాలి. సుధమ్మది మేడ మీద వాటా కాబట్టి గోలెం మాట కింద ఓనర్లతో మాట్లాడుకోవాలి.

బొబ్బిలి వీణ
తోడు చేపల సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అదే ఎక్కువ గొడవ.

నేను మూడే చూస్తాను. రెండిటికీ ఒకే వేడి పడుతుందా, ఒకదాని నోట్లో ఇంకోటి పడుతుందా, ఈతలో జోడీ కుదురుతుందా. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ జత వద్దు.

నియాన్ టెట్రా రెండో దాంట్లోనే పోతుంది. గోల్డ్ ఫిష్ నోరు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ పట్టిందల్లా మింగుతుంది. గొంతులో పళ్లుంటాయి దానికి. పొద్దున లెక్కపెడితే ఒక టెట్రా తక్కువ ఉంటుంది, ఎగిరి దూకేసిందని మనం నేలంతా వెతుక్కుంటాం. గప్పీ పిల్లలదీ అదే గతి. కోరీడోరస్ అనే చిన్న వాలుగ జాతి చేప ఇంకా ప్రమాదం. దాని రెక్కల ముళ్లు బిగుసుకుని గోల్డ్ ఫిష్ నోటికి అడ్డం పడితే రెండూ పోతాయి. అడుగున తిరిగే బుజ్జి చేప కదా, ఏం చేస్తుందిలే అనుకుని కలపొద్దు.

ఏంజెల్ 26 నుంచి 28 డిగ్రీలు కోరుకుంటుంది, పైగా పెద్దయ్యాక పొగరు. టైగర్ బార్బ్ పొడవాటి రెక్క కనిపిస్తే కొరక్కుండా ఉండలేదు. ఫైటర్ సంగతి పేరే చెప్తోంది. దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూసియా ఎవరో తెచ్చి ట్యాంకులో వేశారని మొన్న ఒకరు అడిగారు. దయచేసి వద్దు, జానెడు ఒరాండా తోకని కూడా పీలికలు చేసే రకం అది.

ఇంటర్నెట్‌లో గోల్డ్ ఫిష్‌కి తోడు అని వెతికితే మొదట వచ్చే పేరు వైట్ క్లౌడ్. చైనాలో కొండవాగుల చేప. 22 డిగ్రీల లోపు కులాసాగా ఉంటుంది. మన మే నెల దానికి శిక్ష. హిల్‌స్ట్రీమ్ లోచ్ అయితే మరీనూ, చల్లటి పారే నీళ్లు ఉండాల్సిందే. జాబితాలు మక్కీకి దించొద్దన్నది అందుకే.

జీబ్రా డానియో ఒక్కటి ఆలోచించొచ్చు. 1822లోనే హామిల్టన్ వర్ణించిన మన దేశపు చేప. మన వేడి, మన చలి రెండూ దానికి అలవాటే. చురుకు కాబట్టి గోల్డ్ ఫిష్‌కి అంత తేలిగ్గా దొరకదు. కానీ ఆరేడు గుంపుగా ఉండాలి, ఊరికే పరుగులు తీస్తాయి, మెల్లగా కదిలే బ్లాక్ మూర్ ముందు నుంచి తిండి ఎగరేసుకుపోతాయి. నాలుగడుగుల ట్యాంకైతే సరే. మీ రెండడుగుల్లో గోల్డ్ ఫిష్‌తో కలిపి వద్దు.

కళింగపట్నం కుర్రోడు
సక్కర్ గురించి అనలేదేటి? అదొక్కటీ అందరి ట్యాంకుల్లోనూ ఉంటాది. పాకుడు తినీసి గాజు తళతళలాడించేస్తాది.

బొబ్బిలి వీణ
పిల్లప్పుడు తింటుంది తమ్ముడూ. కాస్త పెరిగాక పాకుడు మీద మోజు తగ్గి, రాత్రిపూట గోల్డ్ ఫిష్ పక్కకి అతుక్కుని ఒంటి మీది జిగురు పొర నాకడం మొదలెడుతుంది. పొద్దున చేప పక్క మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ కనిపిస్తే అది జబ్బు అనుకుని మందులేస్తారు. పైగా అది అడుగు దాటి పెరుగుతుంది, మురికి గోల్డ్ ఫిష్‌తో పోటీ పడుతుంది. శుభ్రం చేసేది మురికే చేస్తుంటే ఇక లాభమేంటి?

పెద్దదైపోయిందని చివరికి తీసుకెళ్లి నాగావళిలోనో ఊరి చెరువులోనో వదిలేస్తారు. గోదావరి, కృష్ణా జిల్లాల చేపల చెరువుల్లో దెయ్యం చేప అని రైతులు తల పట్టుకుంటున్నది ఈ జాతే. వలలు చింపేస్తుంది, మేత తినేస్తుంది. గాజు శుభ్రానికి పాత స్పాంజి ముక్క చాలు, సబ్బు తగలనిది.

గంటస్తంభం (విజయనగరం)
వీణ గారితో నూటికి నూరుపాళ్లు. ఒక్కటి కలుపుతాను. గోల్డ్ ఫిష్‌లో గోల్డ్ ఫిష్ కలిపేటప్పుడు కూడా జోడీ చూడాలి. కామెట్‌ని, ఒరాండాని కలిపితే కామెట్ మొత్తం తినేసి బలుస్తుంది, ఒరాండా ముక్కల కోసం దేవులాడుతుంది. బ్లాక్ మూర్‌కి కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి గానీ చూపు తక్కువ. దానికి ఒరాండాతోనో ఫ్యాన్‌టెయిల్‌తోనో సరిపోతుంది. ర్యూకిన్ కాస్త దూకుడు, దాని పక్కన పెట్టకండి. బబుల్ ఐ అని కళ్ల కింద సంచులు వేలాడేది ఉంటుంది. అది రాయి తగిలితే పగిలే ప్రాణం, మొదటిసారి పెంచేవాళ్లు దాని జోలికి పోకూడదు. మొదలెట్టేవాళ్లకి నా ఓటు ఫ్యాన్‌టెయిల్‌కి. అందంలో ఒరాండా కంటే తక్కువ కావచ్చు, ఓర్పులో ఎక్కువ.

శ్రీకాకుళం సుధ
ఫ్యాన్‌టెయిల్ ఫొటో చూపిస్తే మా అమ్మాయికి నచ్చింది, మావాడికి ఇంకా టెట్రాలే. నీళ్ల సంగతి కూడా చెప్పండి. మాకు మున్సిపాలిటీ కుళాయి ఒక పూట, మిగతా అంతా బోరు. తాగడానికి టిన్నుల నీళ్లు తెప్పిస్తాం. ట్యాంకుకి టిన్నుల నీళ్లే పోస్తే మంచిదా?

రాజాం కెమిస్ట్రీ
టిన్నుల నీళ్లు ఒద్దు. ఆర్‌ఓలో లవణాలన్నీ దాదాపు పోతాయి, పీహెచ్ నిలకడగా ఉండదు. గోల్డ్ ఫిష్‌కి కాస్త గట్టి నీళ్లే ఇష్టం. పీహెచ్ 7 నుంచి 8.4 దాకా హాయిగా ఉంటుంది. మీ బోరు నీళ్లు మరీ ఉప్పన కాకపోతే అవే మేలు. బకెట్లో పట్టి ఎయిర్ రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలేది) వేసి కొన్ని గంటలు గాలి తగలనివ్వండి. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది.

కుళాయి నీళ్లైతే క్లోరిన్ తీసెయ్యాలి. షాపులో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది ఎక్కువగా సోడియం థయోసల్ఫేటే. సీసా మీద రాసిన మోతాదు చాలు. ఏ నీళ్లు మొదలెడితే వాటితోనే కొనసాగండి. ఈ వారం బోరు, వచ్చే వారం కుళాయి అంటే చేపకి ప్రతి వారం ఊరు మారినట్టే.

అసలు ముఖ్యమైంది ఇంకోటి. ట్యాంకు కడిగి, నీళ్లు నింపి, అదే రోజు చేపలు వెయ్యకండి. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. కొత్త ట్యాంకుల్లో చేపలు వరసగా చనిపోయేది ఈ రోజుల్లోనే, జనం దిష్టి తగిలిందనుకుంటారు. ఎవరైనా తెలిసినవాళ్ల ట్యాంకులో నడుస్తున్న పాత స్పాంజి దొరికితే తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి, రోజులు బాగా తగ్గుతాయి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చాకే చేప. తర్వాత కూడా స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. మే నెలలో రెండుసార్లు.

చీపురుపల్లి లెక్కలు
ఆలస్యంగా వచ్చాను. అందరూ గోల్డ్ ఫిష్ ఎలా ఇమడ్చాలా అనే ఆలోచిస్తున్నారు. నాదొక అడ్డు ప్రశ్న: చేతిలో ఉన్నది 60 లీటర్లు, మేడ మీద స్లాబు కింద. ఆ ట్యాంకుకి గోల్డ్ ఫిష్ ఎందుకసలు? ఎనిమిది జీబ్రా డానియోలు, వాటితో నాలుగైదు ప్లాటీలు వేస్తే ఆ డబ్బాకి సరిగ్గా సరిపోతాయి, మన వేడికి తట్టుకుంటాయి, అబ్బాయికి మెరిసేవి దొరుకుతాయి. నియాన్ టెట్రా కూడా 25 దాటితే ఇబ్బంది పడేదే. ప్లాటీలు పిల్లల్ని పెడతాయి. అది పిల్లలకి ఇంకో సరదా.

గోల్డ్ ఫిష్ కావాలంటే మూడడుగుల ట్యాంకు కొన్నాకే. పిల్లలుగా ఉన్నప్పుడు ఇందులో వేసి తర్వాత మారుస్తాం అన్నవాళ్లలో నిజంగా మార్చినవాళ్లు నాకు తక్కువగానే తగిలారు. మాస్టారు క్షమించాలి.

గంటస్తంభం (విజయనగరం)
క్షమించడానికేముంది, మీ మాట సబబుగానే ఉంది. నాకే గోల్డ్ ఫిష్ మీద పక్షపాతం. అయినా మనిషిని చూసి దగ్గరికొచ్చి మూతి తెరిచి అడుక్కునే చేప అదొక్కటే. డానియో మనల్ని పట్టించుకోదు.

శ్రీకాకుళం సుధ
మీ ఇద్దరి మాటా కలిపేస్తాను. ఇప్పుడున్న దాంట్లో డానియోలు, ప్లాటీలు. గోల్డ్ ఫిష్‌కి మూడడుగుల ట్యాంకు వర్షాలు పడ్డాక. మా అమ్మాయి అలిగింది గానీ ఒప్పుకుంది. మూడడుగులదైతే బరువు ఎంతుంటుంది? మేడ మీద కదా, భయం.

గంటస్తంభం (విజయనగరం)
మూడు అడుగులు, ఒకటిన్నర, ఒకటిన్నర అనుకుంటే నిండా పోస్తే 190 లీటర్లు. లీటరు నీళ్లు కిలో కాబట్టి 190 కిలోలు. 8 మిల్లీమీటర్ల గాజు ఇంకో 33 కిలోలు. రాళ్లూ స్టాండూ కలిపితే పావు టన్ను దాటుతుంది. గది మధ్యలో పెట్టకుండా గోడ వారగా, కింద బీము వెళ్లే చోట పెట్టండి. టీవీ బల్ల మర్చిపోండి. ఇనుప స్టాండు వెల్డింగ్ చేయించండి, పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు, ఆపైన ట్యాంకు. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి నాలుగు వైపులా చూసుకోండి. ఒక మూల కిందికి ఉంటే అతుకు మీద బరువు పడి ఏదో ఒక అర్ధరాత్రి వదిలేస్తుంది.

ఇప్పుడున్న పాత ట్యాంకు కూడా ముందు కింద వాకిట్లో థర్మాకోల్ మీద పెట్టి, నిండా నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచండి. అతుకుల వెంట పొడి కాగితం రాస్తే చెమ్మ తెలిసిపోతుంది. ఎన్నాళ్లో ఎండిపోయి ఉన్న సిలికాన్‌ని నమ్మకూడదు.

బొబ్బిలి వీణ
రాళ్లన్నారు కాబట్టి, గోల్డ్ ఫిష్‌కి రంగు రాళ్లు వద్దు. నోట్లో పెట్టుకుని నములుతూ ఉంటాయి, బఠాణీ సైజువి గొంతులో ఇరుక్కుంటాయి. సన్నటి ఇసుక, లేదా నోట పట్టని పెద్ద గులకరాళ్లు, లేదా ఏమీ లేకుండా ఖాళీ అడుగు. మొక్కలంటే అనూబియాస్, జావా ఫెర్న్ మాత్రం మిగులుతాయి. మిగతావి సలాడే.

కొత్త చేపల్ని కొన్నాళ్లు వేరే టబ్బులో ఉంచి చూశాకే కలపండి. తెల్ల మచ్చల జబ్బు వస్తే కల్లుప్పు లీటరుకి ఒక గ్రాముతో మొదలెట్టి విడతలుగా మూడు దాకా పెంచొచ్చు. మీకేం, నౌపడా ఉప్పు ఇంటి పక్కనే. మొక్కలూ నత్తలూ ఉంటే వాటిని ముందు తీసెయ్యాలి.

కళింగపట్నం కుర్రోడు
మా బావ కొట్టుకెళ్లి చూసినాను. వీణక్క చెప్పినట్టు ఒకదానికి వెన్ను వంకరగానే ఉన్నాది. బావకి చెప్తే "ఆ చేపకి పుట్టుకే అంత" అంటన్నాడు. ఆ రెండిట్నీ మా ఇంటికి ఇచ్చీమన్నాను. పెరట్లో మా నాయనమ్మ నాటి గోలెం ఉన్నాది, అడుగున బీట. సిమెంటు పూసీసి నీళ్లెట్టీస్తే చాలా పెదనాన్నా?

పలాస పెంకుటిల్లు
చాలదు బాబూ. కొత్త సిమెంటు సున్నం వదుల్తాది, నీళ్లు జారుడుగా సబ్బునీళ్లలా అయిపోతాయి, పీహెచ్ 10 దాటిపోతాది. అందులో వేస్తే చేప మొప్పలు కాలిపోతాయి. బీట పూసీక ముందు బాగా తడుపుతూ ఆరనీ. తరవాత నింపు, రెండు మూడు రోజులుంచు, పారబొయ్. అలాగ రెండు, మూడు వారాలు చెయ్యి. మధ్యలో ఒకసారి గోడలు పీచుతో తోము. లోపల పలచగా పచ్చటి పాకుడు పట్టిందంటే నీళ్లు దారికొచ్చినట్టు. అప్పుడు కూడా కెమిస్ట్రీ మాస్టారు చెప్పిన కిట్‌తో చూసుకో. ఈలోగా ఆ రెండు చేపల్నీ గిన్నెలోంచి తీసి ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచు. 200 లీటర్లది అడ్డంగా కోసింది దొరుకుతాది. రసాయనాలు పోసిన డ్రమ్ము మాత్రం తేకు.